నాన్న అల్లిన వరస

"ఎవరు విప్పారని అడుగుతున్నాను. దుప్పటి దానంతటదే విప్పుకుందా?"

అక్క ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి అడుగుతున్న ప్రశ్న అదొక్కటే. భుజాన సంచి దించలేదు, తమ్ముడు తెచ్చిన మంచినీళ్లు ముట్టలేదు. ముందుగదిలో కుట్టుమిషను పక్కన, ఎప్పుడూ పరిచే చాప మీద, ఊలు దుప్పటి పడి ఉంది. పై అంచు ఉండాల్సిన చోట అల్లిక కన్నాలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పక్కనే విప్పిన ఊలు గుట్ట. నీలం ఒకవైపు, ముదురెరుపు ఒకవైపు.

తమ్ముడు గోడకి ఆనుకుని స్విచ్చిబోర్డు కేసి చూస్తున్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఎంత ఎత్తులో ఇరుక్కున్న వాళ్లనైనా క్షేమంగా కిందికి దించగలడు గాని, అక్కకీ భార్యకీ మధ్య ఇరుక్కున్నప్పుడు తనను తాను దించుకోవడం మాత్రం ఇంతవరకు చేతకాలేదు.

"నేనే విప్పాను వదినా," అంది కోడలు.

"నువ్వా? ఎందుకు?"

"అందులో తప్పుంది కదా. తప్పు కనిపిస్తే తప్పు దాకా విప్పెయ్యాలని అత్తయ్యే చెప్పారు."

అమ్మ మిషను ముందు స్టూలు మీద, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అవునని గాని కాదని గాని అనలేదు.

అక్క నోరు ఒక్క క్షణం మూతపడింది. ఎందుకంటే ఈ ఇంట్లో ఆ మాటకి ఎదురు లేదు.

తప్పు దాకా విప్పు. అమ్మ ఈ ఇంటికి పెట్టిన రూలు అదొక్కటే. మిగతావన్నీ నాన్న పెట్టినవి, వాటిని ఎవరూ పాటించేవారు కాదు. అమ్మ బళ్లకి యూనిఫారాలు కుట్టిపెట్టేది. పొద్దంతా మిషను చప్పుడు, నూనె వాసన, గదినిండా బట్ట ముక్కలు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం మిషనుకి గుడ్డ కప్పి, పిల్లలిద్దరినీ చాప మీద కూర్చోబెట్టి చేతిపని నేర్పేది. అక్కకి క్రోషే, అంటే కొక్కెం సూదితో ఊలు అల్లడం. తమ్ముడికి బొత్తాలు కుట్టడం, కాజాలు తియ్యడం, ఊలుతో బంతులు చెయ్యడం. బయట వాన పడుతున్నా, పక్కింటి పిల్లలు కేకలేస్తూ ఆడుతున్నా ఎవరూ లేచేవారు కాదు. నిజం చెప్పాలంటే లేవాలనిపించేదీ కాదు. ఆ చాప మీద కూర్చుంటే ప్రపంచంలో జరగాల్సిన ముఖ్యమైన పని ఏదో ఇక్కడే జరుగుతోందనిపించేది.

పని మధ్యలో అమ్మ చెయ్యి చాపేది. "ఏదీ, ఇటివ్వు." వేలు అంచు వెంబడి పాకించేది. ఎక్కడో ఒకచోట వేలు ఆగేది. ఇక అంతే సంగతులు. ఒక్క ముడి తప్పినా సరే, దాని మీద ఎంత అల్లి ఉన్నా సరే, పోగు పట్టుకుని సర్రున లాగేది. మధ్యాహ్నమంతా చేసిన పని వంకర ఊలై ఒళ్లో పడేది. అక్క ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు. ఏడ్చినా అమ్మ వినేది కాదు. "ఏడుస్తూనే అల్లు, ఊలుకేం కాదు," అనేది.

ఆ పెంపకం వృథా పోలేదు. అక్క ఇప్పుడు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం చేస్తోంది. పక్కవాళ్లు జల్లెడ పట్టి వదిలేసిన కాగితంలో కూడా తప్పు పట్టుకుంటుంది. బావగారు ఆవిణ్ణి చాటుగా 'దిద్దుబాటు' అంటాడు. పెళ్లయిన కొత్తల్లో ఎదురుగానే అనేవాడట.

"రూలు నాకు నేర్పకు," అంది అక్క తేరుకుని. "అది ఎవరి వరసో తెలుసా నీకు?"

"తెలుసు. మావయ్యగారిది."

"తెలిసే విప్పావా?"

కోడలు తలొంచుకుంది. ఫోన్లు రిపేరు చేసే షాపులో పని ఆమెది. కంటికి ఆనని మరలు తిప్పి తిప్పి ఆ వేళ్లు నిదానానికి అలవాటు పడ్డాయి, మాట కూడా అంతే. తిట్టినా తొందరపడి జవాబు చెప్పదు. అక్కకి అది ఇంకా మంట.

"మాట్లాడవేం? ఆ దుప్పటి మొత్తంలో మాకు నాన్న ఉన్నది ఆ ఒక్క వరసలోనే కదా."

ఆ మాటకి తమ్ముడు స్విచ్చిబోర్డు మీంచి చూపు తిప్పుకున్నాడు.

నాన్న పంపుల మెకానిక్. ఏది పట్టుకున్నా ఆఖరున ఇంకో అర తిప్పు బిగించే చెయ్యి. ఇంట్లో సీసా మూతలు, నీళ్ల కుళాయిలు, పిల్లల బూటు లేసులు, ఒకటేమిటి, నాన్న చెయ్యి పడితే మళ్లీ నాన్నే వచ్చి విప్పాలి. ఆయన ఊరెళ్తే అమ్మ పచ్చడి సీసా పట్టుకుని ఇరుగుపొరుగు తలుపులు తట్టేది.

అలాంటి మనిషి ఒకసారి పనిలో కాలు విరగ్గొట్టుకుని నెలల తరబడి ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. కూర్చోవడం చేతకాని మనిషి. మంచం మీద నుంచే అందరి పనిలో వేలు పెట్టేవాడు. మిషను బెల్టు వదులుగా ఉందనేవాడు, కత్తెర మరకి చుక్క నూనె వెయ్యమనేవాడు. ఆదివారం చాప పరిచినప్పుడు పిల్లలు ఆయన చేతులు రెండూ ముందుకి చాపించి ఊలు కట్ట తగిలించేవారు. ఆయన చేతులాడిస్తుంటే వీళ్లు ఉండ చుట్టేవారు. అదొక్కటే ఆయన విసుక్కోకుండా చేసిన పని.

చివరికి అమ్మే పడలేక క్రోషే సూది చేతిలో పెట్టింది. అప్పుడు ఇంటిల్లిపాదీ తలో వరస వేసుకుంటూ ఈ దుప్పటి అల్లుతున్నారు. "ఇదిగో, ఈ ముదురెరుపు నీది. ఒక వరస అల్లు. నోరు మాత్రం అల్లకు."

నాన్న అల్లాడు. మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళ దాకా, చెమటలు కక్కుతూ, పంపు బిగించినట్టే బిగించి అల్లాడు. పైగా ముడి తలలో రెండు పోగులుంటాయి, సూది ఆ రెండిటి కిందనుంచీ దూరాలి. ఆయన వరస పొడుగునా ఒక్క పోగుకే దూర్చాడు. వదిలేసిన పోగంతా వరస వెంబడి గట్టులా పైకి లేచింది. ఆ బిగువుకి దుప్పటి అక్కడ లోపలికి లాక్కుపోయి నడుం కట్టింది.

పిల్లలిద్దరూ ఊపిరి బిగబట్టుకుని చూశారు. అమ్మ చెయ్యి చాపింది. వేలు పాకించింది. మొదటి ముడి దగ్గరే ఆగింది. నాన్న మొహం కేసి చూసింది. తర్వాత నీలం ఊలు తీసుకుని, ఏమీ అనకుండా, ఆ వరస మీదనే తన వరస మొదలుపెట్టింది.

ఆ ఇంట్లో విప్పకుండా వదిలేసిన తప్పు అదొక్కటే. అక్క అప్పుడు అన్యాయం అని గొడవ చేసింది. పెద్దయ్యాక మాత్రం పుట్టింటికొచ్చినప్పుడల్లా దుప్పటి తీసి ఆ గట్టు మీద ఒకసారి చెయ్యి వేసి మళ్లీ మడత పెట్టేది. నాన్న పోయాక అమ్మ దాన్ని ఇంక ముట్టుకోలేదు, అసంపూర్తిగానే ఉండిపోయింది. ఈమధ్యే కోడలికి క్రోషే నేర్పుతానని బయటికి తీసింది.

తీసిన ఫలితం ఇదిగో, ఇలా గుట్టగా పడి ఉంది.

"సరే," అంది అక్క. గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. ఆవిడ అరిచినంతసేపూ భయం లేదు, గొంతు దిగితేనే భయం. "అమ్మని నేను తీసుకెళ్తున్నాను. మీ బావకి ఫోన్ చేసి కారు తెమ్మంటున్నాను. ఈ పెట్టె, ఊలు, దుప్పటి అన్నీ తీసుకెళ్తాను."

"అక్కా, ఇప్పుడు అంత దాకా ఎందుకే," అని తమ్ముడు నీళ్లు నమిలాడు.

"నువ్వు మాట్లాడకు. మాట్లాడాల్సినప్పుడు మాట్లాడలేదు." కోడలి వైపు తిరిగింది. "చూడమ్మా, మా అమ్మ సామాను ఇంకెప్పుడూ నువ్వు ముట్టుకోకు."

"సరే వదినా. ముట్టుకోను."

కోడలు అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అక్క అనుకోలేదు. ఆమె వంటింటి గుమ్మం దాకా వెళ్లి, అక్కడే ఆగింది. అమ్మ ఒళ్లో చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

అక్క బావగారికి ఫోన్ చేసి, చాప మీద కూలబడి పెట్టె సర్దడం మొదలుపెట్టింది. రేకు పెట్టె. బొత్తాల డబ్బా, టేపు, సుద్దముక్కలు, పెద్ద కత్తెర, చిన్న కత్తెర. చిన్నప్పుడు ఈ బొత్తాల డబ్బా కోసం తమ్ముడితో జుట్లు పట్టుకునేది. సీతాకోకచిలుక ఆకారంలో ఒక బొత్తం ఉండేది, అది తన బొమ్మకి కావాలని ఒకరు, తన చొక్కాకి కావాలని ఒకరు. అది ఇప్పటికీ అడుగున ఉంది. దాన్ని చూసేసరికి కోపం కాస్త దారి తప్పింది. తమ్ముడికి చూపించబోయి, తను కోపంలో ఉన్నట్టు గుర్తొచ్చి మళ్లీ లోపల పడేసింది.

తర్వాత సూదుల దిండు తీసింది. తీసి, మొహం చిట్లించింది.

"ఇదేంటిది? సూదులన్నీ దారాలతోనే గుచ్చి వదిలేశారు? చిక్కుపడిపోవూ? దారం తీసి సూది గుచ్చాలని ఈ ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసే."

తమ్ముడే అన్నాడు. "మా ఆవిడే రోజూ పొద్దున డ్యూటీకి వెళ్లబోయే ముందు కూర్చుని దారాలెక్కిస్తుంది అక్కా."

"దేనికి?"

"ఏమో. నేనడగలేదు."

"నువ్వెప్పుడు ఏమడిగావు గనక."

అక్క ఒక సూది లాగింది. తెల్లదారం. కొసన ముడి. నల్లదారం లాగింది. కొసన ఒకదాని పక్కన ఒకటి రెండు ముడులు. నీలం దారానికి ఇంకో ముడి ఎక్కువ. ఎరుపుకి అసలు ముడి లేదు, బదులుగా చిన్న ఉచ్చు. ఒక్కటి కూడా చిక్కుపడలేదు. ఒక్కో దారమూ దాని సూది చుట్టూ శుభ్రంగా చుట్టి ఉంది.

తప్పులు వెతికి బతికే మనిషి కదా, ఏది తప్పు కాదో కూడా ఆవిడకి తెలుస్తుంది. దిండు తిప్పి కొసలన్నీ మళ్లీ ఒక్కొక్కటే తడిమింది. తర్వాత ఒక సూది తీసి అమ్మ చేతికిచ్చింది.

"అమ్మా, ఇది ఏ రంగు?"

అమ్మ వేళ్లు దారం వెంబడి కొస దాకా జారాయి. ముడుల దగ్గర ఆగాయి.

"నలుపు."

"చూసి చెప్పమ్మా."

అమ్మ మొహం కిటికీ వైపు ఉంది. అటే ఉండిపోయింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. తమ్ముడు గోడనుంచి లేచి వచ్చి అమ్మ ముందు నిలబడ్డాడు, మళ్లీ ఏం చెయ్యాలో తోచక అక్కడే కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి?" అంది అక్క.

"ఎప్పట్నుంచని చెప్పను. ఒకరోజు పోయింది కాదుగా. మెల్లగా మసకేసింది. వెలుగు తెలుస్తుంది. మనుషులు తెలుస్తారు, మొహాలు తెలీవు. నువ్వు ఏ చీర కట్టుకొచ్చావని అడిగితే మాత్రం చెప్పలేను."

"డాక్టరు?"

ఈసారి కోడలు చెప్పింది. "నేనే తీసుకెళ్లాను వదినా. కంటి నరం దెబ్బతిందన్నారు. చుక్కల మందు వేస్తున్నాం, ఉన్న చూపు నిలుస్తుందట. పోయింది ఇంక రాదన్నారు."

"నువ్వు తీసుకెళ్లావు. నాకు చెప్పలేదు. వీడికీ చెప్పలేదు."

"చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు."

"దానికెలా తెలిసిందో తెలుసా?" అంది అమ్మ. మొదటిసారి ఆవిడ గొంతులో చిన్న నవ్వు వినిపించింది. "నేను సూది మొనకి దారం ఎక్కించాలని తంటాలు పడుతుంటే చూసింది. ఏమీ అనలేదు. సూది నా చేతిలోనే తిప్పి పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున చూస్తే దిండు నిండా దారాలెక్కించిన సూదులు."

తమ్ముడు భార్య కేసి చూశాడు. ఒకే ఇంట్లో, ఒకే గదిలో పడుకునే మనిషి. రోజూ పొద్దున ఆమె కిటికీ దగ్గర కూర్చుని దారాలెక్కిస్తుంటే, పక్కన కూర్చుని టీ తాగుతూ ఆలస్యమైపోతోందని సణిగేవాడు. ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోయాడు.

"నాకు చెబితే నేనేం చేసేదాన్నమ్మా?" అంది అక్క.

"ఇప్పుడేం చేస్తున్నావు? అదే చేసేదానివి. నన్నూ నా పెట్టెనీ సర్ది తీసుకెళ్లేదానివి. మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టేదానివి. సూది గుచ్చుకుంటుందని సూదీ, తెగుతుందని కత్తెరా అటక మీద పెట్టేదానివి. నా మంచికేలే. నాకు తెలుసు."

అక్క కాదనలేదు. సరిగ్గా అదే చేసేది. వస్తూ వస్తూ దార్లో కుర్చీ ఎక్కడ వెయ్యాలో కూడా ఆలోచించింది.

"మరి దుప్పటి?"

"అది విప్పింది నేనే. కోడలు కాదు."

"అత్తయ్యా," అంది కోడలు.

"ఉండవే. నువ్వు ఇంటికి వచ్చేసరికే నేను మొత్తం లాగేశాను. వీళ్లడిగితే ఏం చెప్పాలో తెలీక కూర్చున్నాను. నువ్వు నీ నెత్తిన వేసుకుంటుంటే నోరు మూసుకున్నాను. అది నాకు బాగాలేదు. నేనే విప్పానంటే ఎందుకు, ఎలా అని అడుగుతారు కదా, కళ్ల సంగతి బయటపడుతుందని భయమేసింది."

అమ్మ చేతులు చాపింది. తమ్ముడు ఊలు తెచ్చి ఒళ్లో పెట్టాడు. నీలం ఊలు పెద్ద పెద్ద అలలుగా వంపులు తిరిగి ఉంది. ముదురెరుపు అలా కాదు. చిన్న చిన్న వంపులు, ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఇన్నేళ్ల తర్వాత కూడా బిగువు వదలకుండా. అమ్మ రెండూ తడిమి ముదురెరుపు దగ్గర ఆగింది.

"ఎందుకు విప్పావమ్మా?" అన్నాడు తమ్ముడు. కోపంగా కాదు.

"ఇదొక్కటీ పూర్తి చెయ్యాలనుకున్నాన్రా. మొదలుపెట్టినవన్నీ పూర్తి చేసిన చెయ్యి. ఇదొక్కటే మిగిలిపోయింది. తీరా సూది పట్టుకుంటే నా వరసల్లో ముడి ఎక్కడుందో వేలికి తెలీదు. నున్నగా ఇస్త్రీ చేసినట్టు అల్లాను అంతా. ఎంత గొప్పగా అల్లానో అంత పనికిరాకుండా పోయింది నాకు."

అమ్మ ముదురెరుపు పోగుని వేలికి చుట్టుకుంది.

"మీ నాన్న వరస మీద వేలు పెడితే తెలుస్తుంది. ఒక్కో ముడీ లెక్కపెట్టుకోవచ్చు. ఆ గట్టు దొరికితే దాన్ని పట్టుకుని అక్కణ్నుంచి పైకి నేనూ అలాగే గట్లు వేసుకుంటూ అల్లుకుపోవచ్చు. అందుకని పైనున్న నా వరసలు విప్పుదామనుకున్నాను. ఆయన దగ్గర ఆగుదామనే అనుకున్నాను."

"మరి?"

"నాది ఎక్కడ అయిపోయిందో కనపడలేదు. లాగుతూ ఉంటే ఒకచోట ఊలు బిగిసింది. నాది జారినట్టు జారలేదు. లాగితే అటునుంచి ఎవరో పట్టుకున్నట్టు ఆగి, ఆగి వచ్చింది. ఆయన చెయ్యి. అక్కడే ఆపాలి. తెలుసు ఆపాలని. ఆపలేకపోయానే. ఇంకొక్క ముడి, ఇంకొక్క ముడి అనుకుంటూ అంచు దాకా వెళ్లిపోయాను. తర్వాత ఇంకేం లేదు."

అక్క ఏడ్చింది. చిన్నప్పుడు ఇదే చాప మీద ఏడ్చినట్టే, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. నాన్న వరస పోయినందుకో, అమ్మ కళ్లు పోయినందుకో, ఇంత జరుగుతుంటే తనకి తెలియనందుకో, విడదీసి చెప్పమంటే చెప్పలేదు. అమ్మ ఓదార్చలేదు. ఊలు చుట్టుకుంటూ కూర్చుంది.

ఏడుపు అయ్యాక అక్క ముక్కు తుడుచుకుని దుప్పటి ఒళ్లోకి లాక్కుంది.

"క్రోషే సూదివ్వు. నాన్న వరస నేను అల్లి పెడతాను. దాని మీద నువ్వు మొదలుపెట్టుకో."

ఎన్నేళ్లయిందో సూది పట్టి. అయినా వేళ్లు మర్చిపోలేదు. ముదురెరుపు పోగు వేలికి చుట్టుకుని చకచకా అల్లుకుపోయింది. జానెడు అల్లి అమ్మకి అందించింది. అమ్మ వేలు అంచు వెంబడి పాకింది. ఎక్కడా ఆగలేదు.

"తప్పు లేదు," అంది అమ్మ. "విప్పు."

తమ్ముడికి నవ్వాగలేదు. అక్క వాణ్ణి గుడ్లురిమి చూసింది గాని తనకీ మూతి వంకర పోయింది.

మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పనిగట్టుకుని ఒక్క పోగుకే సూది దూర్చి, పళ్లు బిగబట్టి లాగింది. నాలుగైదు ముడులు బాగానే పడ్డాయి. ఆ తర్వాత చెయ్యి తన దారిన తను పోయింది. సూది దానంతటదే రెండు పోగుల కిందికి దూరుతోంది, ఊలు కావలసినంతే బిగిసి ఆగుతోంది. అమ్మ తడిమి చూసింది. విప్పు. మళ్లీ అల్లింది. మళ్లీ విప్పు. అక్క చెమటలు తుడుచుకుంది.

"తప్పు చెయ్యడం ఇంత కష్టమా," అంది విసుగ్గా.

"నీకు రాదులే," అంది అమ్మ. "నీ చేతిలో ఉన్న తప్పంతా నేనే ఏరి పారేశాను. ఒక్కటైనా ఉంచాల్సింది."

అక్క ఆ మాటకి తలెత్తింది. అమ్మ నోట అలాంటి మాట ఎప్పుడూ వినలేదు. చిన్నప్పుడు వినుంటే ఎగిరి గంతేసేది. ఇప్పుడు గుండె చివుక్కుమంది.

"మరెలా అమ్మా? వీడి చెయ్యా, వీడికి బొత్తాలు తప్ప రావు."

"ఆ తప్పున్న చెయ్యి ఈ ఇంట్లో ఒకటుంది," అంది అమ్మ. "నేర్చుకోవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి చెబుతున్నాను, రెండు పోగులూ పట్టవే అని. పట్టదు. మర బిగించినట్టు బిగిస్తుంది. రోజూ నేను విప్పడం, అది మళ్లీ అలాగే అల్లడం."

వంటింటి గుమ్మం దగ్గర కోడలు కదల్లేదు.

అక్క పెట్టెలో వెతికింది. అడుగున, కోడలు నేర్చుకుంటున్న పసుపుపచ్చ ఊలు ముక్క ఉంది. అరచెయ్యంత కూడా లేదు. విప్పి విప్పి ఊలు నూగెక్కిపోయింది. అక్క కళ్లు మూసుకుని దాని మీద వేలు పెట్టింది. గట్టు తగిలింది. పక్కనే ఇంకో గట్టు. పుట్టింటికొచ్చినప్పుడల్లా దుప్పటి మడత పెడుతూ చెయ్యి వేసే చోటు ఎలా ఉండేదో అచ్చం అలాగే. ఆ మనిషిని ఈ పిల్ల ఒక్కసారి కూడా చూడలేదు.

అక్క లేచి నిలబడింది. దుప్పటి చేతి మీద వేసుకుని, సూది పట్టుకుని, వంటింటి గుమ్మం దాకా నడిచింది. తప్పయిపోయిందని అనడం ఆవిడకి రాదు. ఇంతవరకు ఎదుటివాళ్ల తప్పులు దిద్దడమే గాని, ఈ పని ఎప్పుడూ పడలేదు.

"నువ్వు అల్లు," అంది.

"ముట్టుకోనని మాటిచ్చాను వదినా."

"నేనే కదా ఆ మాటన్నది. నేనే ముట్టుకోమంటున్నాను." సూది ముందుకి చాపింది. "ఊరికే నోరు పారేసుకున్నాను. నువ్వు నాకు చెప్పకపోయినా అమ్మని నాకంటే బాగా చూసుకున్నావు. అల్లమ్మా."

కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా చెయ్యి ముందుకి రాలేదు.

"వరసదేముంది వదినా, ఇప్పుడే కూర్చుని అల్లేస్తాను. కానీ అత్తయ్యకి ఈ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో చేతికి తెలుసు. మిషను తెలుసు, మెట్లు తెలుసు. మీరు తీసుకెళ్లిపోయాక అక్కడ ఎవరెక్కిస్తారు దారాలు? మీరు పొద్దున పోతే ఎప్పుడొస్తారో. మీరు కారు పిలిచారు. ముందు ఆ సంగతి చెప్పండి. తర్వాత అల్లుతాను."

ఆమె గొంతు పెంచలేదు. అయినా ఆ ఇంట్లో అక్కతో ఎవరూ అలా మాట్లాడలేదు. తమ్ముడు నోరు తెరిచి భార్య కేసి చూస్తున్నాడు.

"నాకు అమ్మ కాదా?" అంది అక్క. అది పోట్లాట కాదు. ఆవిడ నిజంగానే అడిగింది. "ఉన్న చూపు ఉండగానే నా దగ్గర నాలుగు రోజులు ఉంచుకోకూడదా నేను? నా మొహం అప్పుడే మసకైపోయిందటగా."

ఇద్దరూ ఒకేసారి అమ్మ వైపు తిరిగారు.

"నన్ను పంచుకోవడం అయ్యాక చెప్పండి," అంది అమ్మ. "వింటాను."

ఫోన్ మోగింది. బావగారు. అక్క ఒక చేత్తో సూది అలాగే చాపి ఉంచి, రెండో చేత్తో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"కింద ఉన్నాను," అంటున్నాడు బావగారు. "బండి దారికి అడ్డంగా ఉంది, వెనక హారన్లు కొడుతున్నారు. మీ అమ్మగారిని తీసుకుని దిగుతున్నావా? ఎంతసేపు పడుతుంది?"

అక్క కోడలి మొహం కేసి చూసింది. ఆమె చూపు తిప్పుకోలేదు.

"అది నా చేతిలో లేదండీ," అంది అక్క.

కోడలు ఇంకా సూది అందుకోలేదు.